అంతర్జ్యోతీ, 25 పౌన్లూ

క్వేకర్ల గురించి మంచి మాటలు చెప్పడం చాలా తేలిక. చెప్పేవాడికి ఖర్చు లేదు, వినేవాడికి అభ్యంతరం వుండదు. వాళ్లు యుద్ధం చేయరు, ప్రమాణం చేయరు, గొప్పవాడి ముందు టోపీ తీయరు, పురోహితుణ్ణి పెట్టుకోరు, ఆడంబరపు బట్టలు కట్టరు. సభలో స్త్రీలు కూడా లేచి బోధ చేయవచ్చు. ప్రతి మనిషిలోనూ దైవపు వెలుగు కొంత వుంటుందనీ, మౌనంగా కూర్చుంటే ఆ అంతర్జ్యోతే దారి చూపుతుందనీ వాళ్ల నమ్మకం. ఇన్ని సుగుణాలు ఒక్కచోట పోగుపడితే పొగడకుండా వుండటం వోల్టేర్ వల్లనే కాలేదు. ఏ మతాన్నీ ఎగతాళి చేయకుండా వదలని ఆ మనిషి, ఇంగ్లండును గురించి 1730లలో అచ్చువేసిన లేఖల్లో మొదటి నాలుగూ వీళ్లకే కేటాయించాడు. కాస్త నవ్వాడు, ఎక్కువగా మెచ్చుకున్నాడు. పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్‌ను మరీ మెచ్చుకున్నాడు. పెన్‌గారి ఎస్టేటులో నీగ్రో బానిసలు పనిచేసేవారన్న సంగతి ఆ మెప్పులో ఎక్కడా తగలదు.

పొగడ్త ఒక్కటే అయితే నేను ఈ వ్యాసానికి పూనుకునేవాణ్ణి కాదు. పొగడ్త చాటున ఒక సిద్ధాంతం నడిచి వస్తూ వుంటుంది. దాని సారాంశం ఇది: అమెరికాలో నీగ్రో బానిసత్వాన్ని మొట్టమొదట వదులుకున్నవాళ్లు క్వేకర్లు, వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు, మౌనంగా కూర్చున్నారు, వెలుగు కనిపించింది, బానిసలను వదిలేశారు, కాబట్టి సమాజాన్ని మార్చేది హృదయ పరివర్తనే గాని సంఘర్షణ కాదు. ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలావరకు చదువుకున్నవాళ్లు, మెత్తని మనుషులు. వాళ్ల చేతుల్లోనే ఈ సిద్ధాంతం సాహిత్య విమర్శలోకి కూడా దిగింది. రచయితకు కరుణ వుంటే చాలునట, తక్కినవన్నీ దాని వెంట నడిచి వస్తాయట. పుస్తకంలో ఎవరు ఎవరికి అన్నం వండారు, ఆ వండిన మనిషికి జీతం ముట్టిందా లేదా అని అడిగితే, అది రసజ్ఞత లేని ప్రశ్నట.

సరే, ఆ రసజ్ఞత లేని ప్రశ్ననే అడుగుదాం. దీనికి సిద్ధాంతంతో జవాబు చెప్పటం నాకు ఇష్టం లేదు. క్వేకర్ల మధ్యనే పుట్టి, క్వేకర్ల మధ్యనే చచ్చిపోయిన ఒక ఇల్లాలి డైరీ వుంది. దాన్నే సాక్ష్యానికి పిలుస్తాను.

ఎలిజబెత్ శాండ్‌విత్ 1735లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. 1756లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఆమె, అక్క మేరీ మిగిలారు. 1758లో డైరీ మొదలుపెట్టింది. 1761లో హెన్రీ డ్రింకర్‌ను పెళ్లాడి ఎలిజబెత్ డ్రింకర్ అయింది. హెన్రీ పెద్ద వోడ వర్తకుడు. 1773లో ఈస్టిండియా కంపెనీ తేయాకు ఫిలడెల్ఫియా రేవుకు వచ్చినప్పుడు దాన్ని దించుకోవలసిన ఏజెంట్లలో అతని సంస్థ కూడా ఒకటి. ఊరంతా తిరగబడితే ఆ వోడ వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఆ దంపతులకు తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు, అయిదుగురు పెరిగి పెద్దయ్యారు. 1807 నవంబరులో చనిపోయేదాకా, దగ్గర దగ్గర యాభై ఏళ్లు, ఆమె రాస్తూనే వుంది. 1889లో అందులో కొన్ని ముక్కలు ఏరి అచ్చువేశారు. మొత్తం డైరీ మూడు పెద్ద సంపుటాలుగా ఎలేన్ ఫోర్మన్ క్రేన్ సంపాదకత్వంలో 1991లో గాని వెలుగు చూడలేదు.

అసలు విషయంలోకి పోయేముందు, మన పక్షం వాళ్లతోనే ఒక తగాదా తీర్చుకోవాలి. ధనిక వర్తకుడి పెళ్లాం రాసుకున్న జ్వరాలూ కషాయాలూ మనకెందుకు అనేవాళ్లు మనలో వున్నారు. డైరీ నిండా అవే వున్న మాట నిజం. ఎవరికి వాంతులైనాయి, ఎవరికి నెత్తురు తీశారు, ఎవరు టీకి వచ్చారు, ఏ పనిపిల్ల మానేసింది - పేజీలకు పేజీలు ఇదే. 1799లో ఇంటి పెరట్లో ఏర్పాటు చేసిన నీటిజల్లు కింద నిలబడి స్నానం చేశాననీ, ఒళ్లంతా ఒక్కసారిగా తడిసి ఇరవై ఎనిమిది ఏళ్లయిందనీ ఆమె రాసుకుంది. ఈ డైరీని గురించి రాసేవాళ్లు ఈ ముక్కను వదలరు, చదివేవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోవచ్చు. కాని ఒక వర్గం ఎట్లా బతికిందో తెలియాలంటే ఆ వర్గం సభల్లో చేసుకున్న తీర్మానాలు చాలవు. తీర్మానాల్లో వంటిల్లు వుండదు. వంటింట్లో ఎవరున్నారో చెప్పగలిగింది ఆ ఇంటావిడే. ఆమెకు మనల్ని మెప్పించాలన్న వుద్దేశం కూడా లేదు. క్వేకర్ బోధకులు చాలామంది ఆత్మకథలు రాశారు. చనిపోయిన తర్వాత వాటిని సంఘం పెద్దలు చదివి, దిద్ది, అచ్చుకు యోగ్యమా కాదా అని తేల్చేవారు. ఈమె బోధకురాలు కాదు, ఎవరూ దిద్దలేదు. అది మన అదృష్టం.

ఆమెకు రాయటానికి తీరిక ఎవరిచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు డైరీలోనే వుంది. అక్క మేరీ పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా చెల్లెలి ఇంట్లోనే వుండి ఆ ఇంటి పెత్తనం నెత్తిన వేసుకుంది. తను పుస్తకం పట్టుకుని కూర్చోగలుగుతున్నది అక్క ఇల్లు చూసుకోవటం వల్లనేనని చెల్లెలు ఒప్పుకుంది. అక్క కింద పనిపిల్లలు, వంటమనుషులు, బండి తోలేవాళ్లు, రోజుకూలీకి వచ్చి బట్టలుతికేవాళ్లు. వీళ్లలో చాలామంది ఒప్పందం రాసిచ్చిన పనివాళ్లు. అంటే వోడ ఛార్జీకో, అనాథ అయినందుకో ఇన్నేళ్లు జీతం లేకుండా చేస్తానని కాగితం మీద కట్టుబడినవాళ్లు. తిండీ బట్టా యజమానివి, కాలం కూడా యజమానిదే. గడువు తీరకుండానే యజమాని ఆ కాగితాన్ని ఇంకొకడికి అమ్ముకోవచ్చు.

ఇప్పుడు జూడీ సంగతి.

నీగ్రో స్త్రీ జూడీ ఒకనాడు డ్రింకర్ల ఇంటికి వస్తుంది. అప్పటికామెకు సుమారు యాభై రెండేళ్లు. ఆమె వచ్చి వెళ్లిందని రాస్తూ ఎలిజబెత్ నలభై ఏళ్లు దాటిన పాత కథను బయటికి తీస్తుంది. తలిదండ్రులు పోయిన తర్వాత అక్కచెల్లెళ్లిద్దరూ ఇల్లు ఎత్తేసి ఇంకొకరి ఇంట్లో వుండబోతున్నారు. ఇంట్లో తొమ్మిదేళ్ల నీగ్రో పిల్ల వుంది. ఏం చేయాలో తోచలేదు. పల్లెటూళ్లో వుండే ఒకావిడకు అమ్మేశారు. 25 పౌన్లు ముట్టాయి. బాగా చూసుకుంటామని కొన్నవాళ్లు మాటిచ్చారు. కొద్ది వారాలు గడిచేసరికి అక్కచెల్లెళ్లకు మనసు ఆగలేదు. బండి కట్టించుకుని ఆ ఊరు పోయి, 40 పౌన్లు ఇస్తాం పిల్లను తిరిగి ఇమ్మన్నారు. ఆవిడ 100 పౌన్లిచ్చినా ఇవ్వనంది. దేవుడే ఈ పిల్లను తనకు చూపించాడంది. వీళ్లు ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. తర్వాత ఆ పిల్ల మళ్లీ ఒకసారి అమ్ముడుపోయింది. ఎన్నో ఏళ్లకు విడుదలైంది. ఇంత రాసి, ఆ పిల్లంటే తమకు ప్రేమ వుండేదనీ, ఆమె కారణంగా కొంతకాలం మనసు కలతపడిందనీ, అయినా ఆ రోజుల్లో నేరం చేశామని నిందించుకోవలసిందేమీ లేదనీ, ప్రేమించిన పిల్లను జీవితాంతం బానిసగా వుండటానికి పంపామేమోనన్న బెంగ మాత్రం వుండిందనీ ఎలిజబెత్ తేల్చింది.

ఈ పేజీ ఆవిడ గొప్పతనమంటాను. హృదయ పరివర్తనవాదులు కూడా అంతే అంటారు, కాని కారణం వేరు. చూశారా, ఎంత సున్నితమైన మనసు, నలభై ఏళ్లైనా మరిచిపోలేదు అంటారు. నేను చూసేది అంకెలు. 25, 40, 100. కరుణ పొంగినవాడు అంకెలు రాయడు, కన్నీళ్లు రాస్తాడు. ఈమె వర్తకుల ఇంటి పిల్ల గనుక అంకెలు రాసింది. ఆ అంకెల్లోనే కథంతా వుంది. మనసు మారటానికి కొన్ని వారాలు పట్టింది. ఆ కొన్ని వారాల్లో పిల్ల మీద హక్కు చేతులు మారింది. మారిన మనసు మునుపటి వెల కంటే 15 పౌన్లు ఎక్కువ ఇవ్వటానికి సిద్ధపడింది, అయినా పని జరగలేదు. ఎందుకు జరగలేదు? కొన్నావిడ కూడా దైవాన్నే సాక్షిగా పిలిచింది గనుక. అమ్మినవాళ్ల గుండెలో వెలుగు, కొన్నావిడకు దైవ సంకల్పం. రెండు దైవాల మధ్య తీర్పు చెప్పింది క్రయపత్రం.

అప్పట్లో అది నేరమని తెలియదు కదా అనే మాటను ఎలిజబెత్ అన్నా, ఆమె తరఫున ఇవాళ ఎవరన్నా, నేను ఒప్పుకోను. ఎవరికి తెలియదు? అమ్ముడుపోయిన తొమ్మిదేళ్ల పిల్లకు తెలుసు. ఆమెను లెక్కలోకి తీసుకోకపోయినా, క్వేకర్లకే తెలుసు. 1688లో, అంటే జూడీ అమ్మకానికి అరవై ఎనిమిదేళ్ల ముందు, ఫిలడెల్ఫియా పక్కనే వున్న జర్మన్‌టౌన్‌లో ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్ మొదలైన నలుగురు మనుషులను అమ్మటం కొనటం తప్పని కాగితం రాసి సంతకాలు పెట్టారు. మాస సభ వాళ్లు చూసి ఇది మాకు మించిన విషయమన్నారు. పై సభకు పంపారు. వాళ్లు ఇంకా పై సభకు పంపారు. వార్షిక సభ పెద్దలు ఇప్పుడు తీర్పు చెప్పటం తగదని పక్కన పెట్టారు. ఆ కాగితం మళ్లీ 1844లో గాని ఎవరి కంటా పడలేదు. దరఖాస్తును పై ఆఫీసుకు పంపి చంపే విద్య ఇంగ్లీషు దొరలు మనకొక్కరికే నేర్పారనుకుంటాం. అంతర్జ్యోతి గలవాళ్లకు కూడా అది బాగానే వచ్చు.

తర్వాత బెంజమిన్ లే వచ్చాడు. నాలుగడుగుల పైచిలుకు మనిషి, గూని. బార్బడోస్‌లో బానిసల పాట్లు కళ్లారా చూసి వచ్చినవాడు. 1738లో బర్లింగ్టన్‌లో జరిగిన వార్షిక సభలో లేచి, బోలు చేసిన పుస్తకంలో ఎర్రటి పళ్లరసం నింపిన తిత్తి దాచిపెట్టి, దాన్ని కత్తితో పొడిచి, బానిసల యజమానుల మీద నెత్తురు చిందినట్టు చిందించాడు. సంఘం అతన్ని వెలివేసింది. గమనించండి: ఆ సంవత్సరం వెలి పడింది బానిసలను కొన్నవాడి మీద కాదు, కొనవద్దన్నవాడి మీద. లే ఆ తర్వాత కూడా అదే ఊళ్ల మధ్య, అదే జనం మధ్య 1759 దాకా బతికాడు. ఎలిజబెత్ చదువుకున్నది ఆంథొనీ బెనెజెట్ దగ్గర. బెనెజెట్ 1750 నుంచీ రాత్రిపూట తన ఇంట్లో నీగ్రో పిల్లలకు చదువు చెప్పేవాడు. 1754లో వార్షిక సభే బానిసలను కొనటం, వుంచుకోవటం తగదని ఒక హెచ్చరిక లేఖ అచ్చువేసి పంచింది. 1756లో జూడీ అమ్ముడుపోయింది. తెలియకపోవటమంటే ఇదేనా? పంతులు చెప్పాడు, సంఘం చెప్పింది, వెలిపడ్డవాడు అరిచి చెప్పాడు. లేనిది తెలివిడి కాదు. అమ్మకూడదనే నిబంధన.

ఆ నిబంధన రెండేళ్లకు వచ్చింది. ఇకమీద బానిసలను కొన్నవాళ్లనూ అమ్మినవాళ్లనూ సంఘ వ్యవహారాల్లో పాల్గొననివ్వకూడదని 1758లో వార్షిక సభ నిర్ణయించింది. బానిసలను వదలని సభ్యుణ్ణి పూర్తిగా వెలివేయాలనే నిర్ణయం 1776లో వచ్చింది. జర్మన్‌టౌన్ కాగితం నుంచి అక్కడికి ఎనభై ఎనిమిది ఏళ్లు. ఈ ఎనభై ఎనిమిదేళ్లలో క్వేకర్లు ప్రతి వారం మౌనంగా కూర్చోవటం మానలేదు. వెలుగు ఆ గదిలోనే వుంది. మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? వార్షిక సభను నడిపే పెద్దల్లో మొదటి దశాబ్దాలలో చాలామంది బానిసల యజమానులు. ఆ పెద్దల్లో యజమానుల పాలు తగ్గుతూ వచ్చి, కొత్త తరం మనుషులు ఆ స్థానాల్లోకి చేరిన తర్వాతే నిర్ణయాలు వచ్చాయి. ఇంకొకటి. 1756లో, సరిహద్దుల్లో యుద్ధం ముదిరి, క్వేకర్లు కొందరు పెన్సిల్వేనియా శాసనసభ సభ్యత్వాలు వదులుకున్నారు. దొరతనం చేజారుతున్న సంఘం లోపలివైపు తిరిగి తన ఇల్లు చక్కదిద్దుకోవటం మొదలుపెట్టింది. హృదయాలు మారాయి, కాదనను. హృదయాలు కూర్చున్న కుర్చీలు ముందు మారాయి.

జాన్ వూల్మన్ మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. వూల్మన్ దర్జీ, చిన్న దుకాణదారు. దుకాణం పెరుగుతుంటే మనిషిని మింగేస్తుందని కావాలనే తగ్గించుకున్నాడు. ఊరూరా నడిచి యజమానుల ఇళ్లలో కూర్చుని మెత్తగా మాట్లాడాడు. బానిసలు సేవ చేసిన ఇంట్లో బసచేస్తే ఆ సేవకు డబ్బు ఇచ్చి వెళ్లేవాడు. అద్దకం వేయని బట్టలు కట్టాడు. 1772లో ఇంగ్లండులో మశూచికంతో చనిపోయాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం వుంది. గౌరవం వున్నందువల్లనే అంటున్నాను: వూల్మన్ తన మెత్తదనాన్ని నమ్ముకుని వూరుకోలేదు. 1758 నాటి సభలో నిర్ణయం ఆలస్యం చేయవద్దని పట్టుబట్టినవాళ్లలో అతనొకడు. అతని మెత్తదనాన్ని ఇవాళ మనకు దిండుగా వేసేవాళ్లు ఆ పట్టుదలను దిండు గలీబులో కుట్టేస్తున్నారు. అతని పక్కన లేను నిలబెట్టమంటే మొహం చిట్లిస్తారు. మర్యాదలేనివాడట.

చట్టం సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. పెన్సిల్వేనియాలో బానిసత్వాన్ని క్రమంగా తొలగించే చట్టం 1780లో వచ్చింది. అప్పటికి క్వేకర్లు ప్రభుత్వంలో లేరు. విధేయతా ప్రమాణం చేయనందుకు బయటే వున్నారు. ఆ చట్టం అప్పటికే బానిసలుగా నమోదైనవాళ్లను విడుదల చేయలేదు. ఆ తర్వాత పుట్టే పిల్లలు కూడా ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా చాకిరీ చేయాలి. మిగతా పని నీగ్రోలే చేసుకున్నారు. యుద్ధంలో పారిపోయారు, కూడబెట్టి తమను తాము కొనుక్కున్నారు, 1787లో రిచర్డ్ ఆలెన్, అబ్సలోం జోన్స్ నాయకత్వాన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ పెట్టుకున్నారు.

ఎలిజబెత్‌కు అన్యాయమంటే ఏమిటో తెలియదనుకోకండి. తన మీదికి వచ్చినప్పుడు బాగా తెలిసింది. 1777 సెప్టెంబరులో, బ్రిటిషు సైన్యం ఊరి మీదికి వస్తున్న రోజుల్లో, హెన్రీతో పాటు సుమారు ఇరవై మందిని, చాలావరకు క్వేకర్లను, విచారణ లేకుండా పట్టుకుని వర్జీనియాలోని వించెస్టర్‌కు పంపేశారు. ఇద్దరు అక్కడే చనిపోయారు. 1778 ఏప్రిల్‌లో ఎలిజబెత్ మరి ముగ్గురు స్త్రీలతో కలిసి బయలుదేరి వాలీ ఫోర్జ్ శిబిరంలో జార్జి వాషింగ్టన్‌ను కలుసుకుంది, అక్కడినుంచి లాంకాస్టర్ పోయి పాలకమండలికి అర్జీ ఇచ్చింది. ఆ నెలలోనే వాళ్లు విడుదలయ్యారు. బండి దిగి నదులు దాటుతూ, పరాయి ఇళ్లలో పడుకుంటూ ఆ నలుగురు స్త్రీలు చేసిన ప్రయాణం డైరీలో వుంది, చదవవలసిన భాగం. విచారణ లేకుండా మనిషిని ఇంటినుంచి తీసుకుపోవటం ఎంత ఘోరమో అందులో ప్రతి పేజీ చెబుతుంది. జూడీని ఇంటినుంచి తీసుకుపోయింది ఇరవై రెండేళ్ల ముందే కదా. ఆ రెంటినీ కలిపే వాక్యం రాయటానికి సున్నితమైన మనసు ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ఒక మెట్టు దిగి నిలబడాలి. ఆ మెట్టు దిగితే ఇల్లు నడవదు.

ఇల్లు ఎట్లా నడిచిందో 1794 చెబుతుంది. శాలీ బ్రాంట్ ఒప్పందం మీద పనిచేసే తెల్లపిల్ల, ఇంకా ఇరవై నిండలేదు. ఆమె గర్భవతి అని ఆ ఏడు వేసవిలో బయటపడింది. తండ్రి ఆ ఇంట్లో బండి తోలే నీగ్రో, జో. డ్రింకర్లు ఆమెను వీధిలోకి గెంటలేదు. ఆ మాట వాళ్ల తరఫున చెప్పి తీరాలి. ఆ కాలపు మర్యాదస్థులు చాలామంది గెంటేవారు. ఊరి బయట తమ వ్యవసాయ క్షేత్రంలో వుంచి పురుడు పోయించారు. డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. ఇక్కణ్ణుంచి చూడండి. శాలీ తలవంచుకుని కుమిలిపోతుందని యజమానురాలు ఎదురుచూసింది. శాలీ ఏమీ జరగనట్టు హుషారుగా తిరుగుతూంటే ఆవిడకు కష్టంగా వుంది, అది రాసుకుంది. బిడ్డకు తల్లి పెట్టిన పేరు యజమానులకు నచ్చలేదు. ఆ పేరు తీసేసి తాము ఇంకొక పేరు పెట్టారు. బిడ్డను తల్లినుంచి తీసి, డబ్బిచ్చి సాకేందుకు ఒక దాదికి అప్పగించారు. తల్లి తిరిగి పనిలోకి వచ్చింది. గడువు ఇంకా వుంది కదా. బిడ్డ ఏడాది నిండకుండానే చచ్చిపోయింది.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు, నాకు అదే ముఖ్యం. ఎవరూ కొరడా పట్టలేదు. దాదికి డబ్బు సరిగ్గా ఇచ్చారు. బిడ్డ ఆరోగ్యం కనుక్కున్నారు. ఎలిజబెత్ అప్పటికి తొమ్మిదిమందిని కన్నది, నలుగుర్ని పోగొట్టుకున్నది. బిడ్డ పోవటమంటే ఏమిటో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆమె గుండెలో కరుణ లేదని ఎవరైనా అంటే నేనే ఆమె పక్షాన వాదిస్తాను. కరుణ నిండుగా వుండి కూడా, ఒక తల్లి తన బిడ్డకు పెట్టుకున్న పేరు నిలవలేదు. బిడ్డకు పేరు పెట్టే హక్కు ఎవరికుండాలనేది దయకు సంబంధించిన ప్రశ్న కాదు. ఒప్పందపు కాగితం ఎవరి పెట్టెలో వుందనేదే అక్కడ ప్రశ్న.

హెన్రీ డ్రింకర్ కరుణ ఇంకొక రకంది. వెస్టిండీసు చక్కెరలో బానిసల నెత్తురుందని వాళ్ల సంఘంలో చాలామంది బాధపడేవారు. న్యాయమైన బాధే. 1790 ప్రాంతంలో హెన్రీ ఆ చక్కెరకు బదులుగా ఉత్తరాది అడవుల్లో మేపుల్ చెట్ల రసం కాచి చక్కెర తీయించే పథకాన్ని ముందుండి నడిపించాడు. అతనికి ఆ అడవుల్లో వేల ఎకరాల భూమి వుంది. చక్కెర పారితే భూమి వెల పెరుగుతుంది. అంతరాత్మకూ లాభానికీ పెళ్లి కుదిరింది, కాని చెట్లు సహకరించలేదు. కొద్ది ఏళ్లలో పథకం మూతపడింది. ఆ అడవులు అంతకుముందు ఎవరివి, అక్కడి రెడిండియన్లు ఎక్కడికి పోయారు అన్న ప్రశ్న చక్కెర లెక్కలోకి రాలేదు.

1793లో ఫిలడెల్ఫియాకు పచ్చజ్వరం వచ్చింది. సుమారు యాభై వేల జనంలో అయిదు వేలమంది దాకా చనిపోయారు. డ్రింకర్లు జర్మన్‌టౌన్‌కు వెళ్లిపోయారు. వెళ్లగలిగినవాళ్లంతా వెళ్లారు, తప్పుపట్టను. నీగ్రోలకు ఆ జబ్బు అంటదని డాక్టరు బెంజమిన్ రష్ చెప్పిన మాటను నమ్మి, ఆలెన్, జోన్స్ తమవాళ్లను రోగుల సేవకు దింపారు. జబ్బు అంటింది, చచ్చారు. పైగా డబ్బు గుంజారని మాథ్యూ కేరీ తన పుస్తకంలో నింద వేశాడు. 1794లో ఆలెన్, జోన్స్ దానికి జవాబుగా చిన్న పుస్తకం అచ్చువేసి, ఎవరికి ఎంత ఖర్చయిందో లెక్కలతో సహా చూపించారు. ఎలిజబెత్ డైరీ పక్కన పెట్టి చదవవలసిన పుస్తకం ఏదని నన్నడిగితే, అది. ఊరు విడిచినావిడ రోజూ చెవిన పడ్డ చావుల జాబితా రాసింది. ఊళ్లో వున్నవాళ్లు శవపేటికల ఖరీదు రాశారు.

ఇంతా చెప్పి, ఈమెను చదవమని ఎందుకంటున్నానో చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1796లో ఆమె మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల పుస్తకం చదివింది. చాలా విషయాల్లో తన మనసులో మాటే చెప్పిందనీ, అన్నిట్లో ఒప్పుకోననీ, అంత స్వాతంత్ర్యం తనకు అక్కర్లేదనీ రాసుకుంది. క్వేకర్ స్త్రీలకు సొంత సభలుండేవి. పెళ్లిళ్ల విచారణ, పేదల సహాయం, దారితప్పినవాళ్లను మందలించటం వాళ్ల పని. డబ్బు, చట్టసభకు అర్జీలు, పెద్ద నిర్ణయాలు పురుషుల సభవి. మాట్లాడే హక్కు వుండి తేల్చే హక్కు లేని చోట నలభై ఏళ్లు కూర్చున్న స్త్రీకి వుల్‌స్టన్‌క్రాఫ్ట్ కొత్తగా తోచకపోవటంలో వింత లేదు. మరుసటేడు ఆమె ఇంకొక మాట రాసింది. కాన్పులు ఆగిపోయిన తర్వాతి కాలమే చాలామంది స్త్రీల జీవితంలో సుఖమైన కాలమన్నది దాని భావం. 1799 అక్టోబరులో పెద్ద కూతురు శాలీ డౌనింగ్ నొప్పులు పడుతూంటే పక్కన కూర్చుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఇదే వేళకు నేను నిన్ను కంటూ నొప్పులు పడ్డానని చెప్పింది. ఇది ఆఖరి కాన్పు కావచ్చు, బిడ్డకు రెండేళ్లు పాలిస్తే మళ్లీ నిలవకపోవచ్చని ధైర్యం చెప్పింది. మాతృత్వాన్ని గురించి పద్యాలు రాసేవాళ్లు ఈ పేజీ దగ్గర కాసేపు ఆగితే మంచిది. ఇంత నిజం తెలిసిన మనిషి. అయిదేళ్ల ముందు ఇంకొక శాలీ, తన పనిపిల్ల శాలీ, అదే నొప్పులు పడ్డప్పుడు ఈ నిజం అటువైపు నడవలేదు.

అటువైపు నడిపించింది ఎవరో చెప్పి ముగిస్తాను. ఎలిజబెత్ పోవటానికి మూడేళ్ల ముందు, 1804లో, ఫిలడెల్ఫియా ఆర్చ్ వీధిలో క్వేకర్లు కొత్త సభామందిరం కట్టారు. గోడలకు అలంకారం లేదు, వేదిక లేదు, పురోహితుడు లేడు. 1830లలో గ్రేస్ డగ్లస్ అనే నీగ్రో స్త్రీ, ఆమె కూతురు శారా మాప్స్ డగ్లస్ ఆ మందిరానికి వెళ్లేవారు. వాళ్లను ఒక విడి బెంచీ మీద కూర్చోబెట్టేవారు. తెల్లవాళ్లు పొరపాటున ఆ బెంచీ మీద కూర్చోకుండా చూడటానికి మనుషులుండేవారు. బానిసల యజమానులను వెలివేసి అప్పటికి అరవై ఏళ్లు. శారా బడిపంతులమ్మ. 1837లో ఆ బెంచీ సంగతి వుత్తరాల్లో రాసి బయటపెట్టింది, తల్లి పక్కన కూర్చున్న చిన్నప్పటినుంచి చెవినపడ్డ మాటలతో సహా. గ్రిమ్కే అక్కచెల్లెళ్లు, శారా, ఏంజలీనా, దక్షిణాదిన బానిసల యజమాని ఇంట పుట్టి క్వేకర్లలో కలిసినవాళ్లు, వచ్చి ఆ బెంచీ మీద ఆ తల్లీ కూతుళ్ల పక్కన కూర్చున్నారు. సంఘం పెద్దలు నొచ్చుకుని మందలించింది అక్కచెల్లెళ్లనే.